జున్నుకు బెల్టా, బుట్టా, అత్తయ్య ఒడా?

పేరు రాయొద్దని, ఊరు రాసుకోవచ్చని అన్నారు కాబట్టి: నిజాంపేట నుంచి ఒక పాఠకురాలు. వయసు 34. ఇంట్లో భర్త, అయిదేళ్ల పాప, అత్తగారు, జున్ను. జున్ను అంటే నాలుగేళ్ల తెల్ల బొచ్చు కుక్క, పామెరేనియన్ అని రాశారు, బరువు 6 కిలోలు. మామగారు చనిపోయిన ఏడాది అత్తగారికి తోడుగా ఉంటుందని తెచ్చుకున్నారట. అప్పటి నుంచి కారెక్కితే దాని చోటు ఒక్కటే, ముందు సీట్లో అత్తగారి ఒడి. మోకాళ్ల నొప్పుల వల్ల ఆవిడ వెనక కూర్చోలేరు.

పోయిన నెల నిజాంపేట రోడ్డు మీదుగా జేఎన్‌టీయూ వైపు వస్తుంటే ఒక ఆటో ఎడమ పక్క నుంచి అడ్డంగా దూరింది. భర్త సడన్ బ్రేకు కొట్టారు. ఆటోకు తగల్లేదు, కారు మీద గీత కూడా పడలేదు. జున్ను మాత్రం ఒడిలోంచి ఎగిరి డ్యాష్‌బోర్డుకు కొట్టుకుని కింద పడింది. మూతి చిట్లింది, వారం రోజులు ముందు కాలు కుంటింది. ఎక్స్‌రే తీసి ఎముకలకేమీ కాలేదని డాక్టర్ చెప్పారు. ఆ కంగారులో భర్త నోటి వెంట ఒక మాట వచ్చేసింది: "గట్టిగా పట్టుకోవద్దా అమ్మా!" ఆ రోజు అత్తగారు అన్నం ముట్టలేదు.

ఆ తర్వాత ఈ పాఠకురాలు రాత్రిళ్లు కూర్చుని ఆన్‌లైన్‌లో వెతికి, 3,200 రూపాయలు పెట్టి కుక్కల బూస్టర్ సీటు కొన్నారు. మెత్తటి గుడ్డ పెట్టెలా ఉంటుంది, సీటు మీద పెట్టి హెడ్‌రెస్టుకు పట్టీతో కట్టాలి. కాలనీలో ఒక చుట్టు తిరిగేసరికి జున్ను అంచు మీంచి దూకి, బూస్టర్‌లోని చిన్న పట్టీకి మెడతో వేలాడింది. బూస్టర్ అటకెక్కింది. భర్తేమో 300 రూపాయల సీటు బెల్టు క్లిప్ చాలంటారు. అంత భయమైతే సంక్రాంతికి దాన్ని కుక్కల బోర్డింగులో వదిలి వెళ్దామంటారు. స్నేహితురాలు ఒకామె, బయటి దేశం నుంచి తెప్పించే క్రాష్ టెస్ట్ హార్నెస్ (మెడకు కాకుండా ఛాతీకి తొడిగే పట్టీల కట్టు, గుద్దుకునే పరీక్షలో నిలబడ్డది) తప్ప మిగతాదంతా దండగంది. దాని ఖర్చు పది వేలు దాటుతోంది. అత్తగారి మాట ఒకటే: "నోరు లేని జీవాన్ని కట్టిపడేస్తే నేను కారెక్కను." ఊరు సూర్యాపేట దాటాక. రెండు నెలలకోసారి వెళ్లొస్తారు. పండక్కి ఇంకా ఆరు వారాలుంది. కారు ఎనిమిదేళ్ల నాటి హ్యాచ్‌బ్యాక్.

"నేనే అతి చేస్తున్నానా? హార్నెస్ కొనాలా, బూస్టర్‌కే అలవాటు చేయాలా? ఇంట్లో గొడవ లేకుండా ఇది తేలేదెలా?" ఇదీ ఉత్తరం.

మీరు అతి చేయడం లేదు. ఉత్తి బ్రేకుకే కుక్క మూతి చిట్లిన ఇంట్లో ఇలాంటి ఆలోచన రాకపోతేనే ఆశ్చర్యం. కాకపోతే మీ ఉత్తరంలో వస్తువుల గురించి, ధరల గురించి రెండు పేజీలుంటే, కారులో ఎవరు ఎక్కడ కూర్చుంటారన్నది రెండే వాక్యాలుంది. నాకు అసలు చిక్కు ఆ రెండు వాక్యాల్లోనే కనిపించింది. దానికి తర్వాత వస్తాను. ముందు మీవారు అన్న ఆ మాట సంగతి చూద్దాం.

గట్టిగా పట్టుకోవద్దా అన్నారు. పట్టుకోలేరండీ. మీ అత్తగారే కాదు, రోజూ జిమ్‌కు వెళ్లే కుర్రాడైనా పట్టుకోలేడు. బ్రేకు పడబోతోందని తొక్కే మనిషికి తెలుస్తుంది, పక్కన కూర్చున్నవాళ్లకు తెలియదు. చేతులు బిగించేలోపే అంతా అయిపోతుంది. అదీ ఆ రోజు జరిగింది బ్రేకు మాత్రమే. నిజంగా దేనికైనా గుద్దుకుంటే లెక్క వేరు. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు గుద్దుకుని, ముందు భాగం నలిగి, అర మీటరులో ఆగిందనుకోండి. ఆ క్షణంలో ఆరు కిలోల జున్ను దాదాపు 75 కిలోల బరువై ముందుకు లాగుతుంది. ఏ కట్టూ లేని కుక్కకు ఆ వేగంతో కొట్టుకోవడమంటే రెండంతస్తుల మేడ మీంచి పడడం లాంటిది. ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) మీద 100లో వెళ్తున్నప్పుడైతే పదమూడో అంతస్తు.

ఈ లెక్కలు అత్తగారికి వినిపించమని కాదు, మీవారికి వినిపించండి. విన్నాక ఆయన వెళ్లి అమ్మ పక్కన కూర్చుని "ఆ రోజు తప్పు నీది కాదమ్మా, ఎవరికీ ఆగదట" అని చెప్పాలి. ఆ మాట పడ్డ దగ్గర్నుంచి ఆవిడ దృష్టిలో హార్నెస్ అంటే ఒక వస్తువు కాదు. నువ్వు సరిగ్గా చూసుకోలేదు అని ఇంట్లో తగిలించబోతున్న బోర్డు. నోరు లేని జీవం అన్న వాదన సగం అక్కణ్నుంచే పుట్టిందని నా అనుమానం. ఈ పని మీరు మాత్రం నెత్తిన వేసుకోకండి. ఎంత మెత్తగా చెప్పినా, కోడలు చెబితే అది ఓదార్పులా వినపడదు. అన్నది ఆయన, వెనక్కి తీసుకోవలసిందీ ఆయనే. ఇది జరక్కుండా ఏ హార్నెస్ కొన్నా అది బూస్టర్ పక్కనే అటక మీద చేరుతుంది.

ముందు సీటు సంగతి ఎక్కువ తర్జనభర్జన లేకుండా తేల్చేయొచ్చు. డ్యాష్‌బోర్డు మీద ఎడమ వైపు ఎయిర్‌బ్యాగ్ అని అచ్చు ఉందేమో చూడండి. ఉంటే, అది రెప్పపాటులో పేలినట్టు తెరుచుకుని ఒడిలో ఉన్న కుక్కను ఆవిడ గుండెల మీదికి కొడుతుంది. లేకపోతే డ్యాష్‌బోర్డు ఉండనే ఉంది, మీరు చూసిందే. చట్టం మాట కూడా ఒకటుంది. సొంత కారులో కుక్కకు బెల్టు పెట్టాలన్న ప్రత్యేక నిబంధన మన దగ్గర లేదు. కానీ డ్రైవర్‌కు అడ్డం వచ్చేలా మనిషినిగానీ దేన్నిగానీ ఉంచకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 125వ సెక్షన్ చెబుతోంది. పక్క ఒడిలోంచి గేరు రాడ్డు మీదికి దూకే కుక్క ఆ లెక్కలోకి రాదని ఏ వకీలూ వాదించలేడు. "జున్నును కట్టెయ్యాలి" అనే బదులు "ఆ ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే నీకు దెబ్బ తగులుతుందమ్మా" అని మొదలుపెట్టమనండి మీవారిని. అది నిజం కూడా.

ఇక మీరు అడిగిన వస్తువులు.

బూస్టర్ సీటు చేసే పని ఒక్కటే. పొట్టి కుక్కను కిటికీ ఎత్తుకు లేపి బయటికి చూడనిస్తుంది. ఆ సరదా చిన్నదేం కాదు, కొన్ని కుక్కలు బయటి లోకం కనపడితేనే కుదురుగా కూర్చుంటాయి. కానీ అది ఆపేది కాదు, కూర్చోబెట్టేది. మీ బూస్టర్ విషయంలో పొరపాటు కుక్కది కాదు. లోపలున్న పట్టీని మీరు కాలర్‌కు తగిలించారు. చిన్న జాతుల్లో శ్వాసనాళం నాజూకుగా ఉంటుంది, ఈ తెల్ల బొచ్చు వాటిలో మరీను. కారులో మెడకు ఏ కొక్కెం తగిలించినా అది ఉరితాడే. నేనూ ఒకప్పుడు ఈ పని చేసినదాన్నే. మా కుక్క లీష్‌ను సీటు బెల్టుకు చుట్టి, ఎంత జాగ్రత్తగా ఉన్నానో అనుకుంటూ శామీర్‌పేట దాకా వెళ్లొచ్చాను. దారిలో ఒక్క స్పీడ్ బ్రేకర్ దగ్గర అది ఖళ్ళున దగ్గిన దగ్గు ఇప్పటికీ చెవుల్లో ఉంది. బూస్టర్ వాడాలనుకుంటే జున్ను ఒంటికి హార్నెస్ ఉండాలి, ఆ హార్నెస్ కారు సీటు బెల్టుకే తగిలించాలి. బూస్టర్‌లోని పట్టీకి కాదు, ఎందుకంటే ఆ బూస్టర్‌ను సీటుకు పట్టి ఉంచేదే ఒక బక్క పట్టీ. ముందు సీట్ల మధ్యన చేతులు ఆనించుకునే పెట్టె మీద పెట్టే రకం బూస్టర్లు కూడా అమ్ముతున్నారు. వాటి జోలికి అసలు పోవద్దు.

మీవారు చెప్పిన 300 రూపాయల క్లిప్‌ను తీసిపారేయలేం. అది జున్నును వెనక సీట్లో ఉంచుతుంది, డ్రైవర్ మీదికి రానివ్వదు, ఊళ్లో 30, 40 వేగంలో బ్రేకు పడితే కింద పడకుండా కాస్తుంది. మన రోడ్ల మీద రోజూ పడేవి బ్రేకులే కదా, రాంగ్ రూట్లో వచ్చే బైకుల పుణ్యమా అని. కానీ కొనేముందు మూడు సంగతులు చూడండి. సీటు బెల్టు నాలుక లాంటి బిళ్ల అన్ని కార్లకూ ఒకే వెడల్పు ఉండదు. మీ బకిల్‌లో అది టక్కున కూర్చోవాలి, లాగి చూస్తే రాకూడదు. రెండోది ఎర్ర బటన్. జున్ను కాలు దాని మీద పడినా, పాప ఆటగా నొక్కినా ఊడిపోతుంది. అందుకే క్లిప్ కన్నా, కారు బెల్టునే హార్నెస్ వీపు మీది లూప్‌లోంచి దూర్చి పెట్టే రకం నయం. మూడోది పొడవు. పట్టీ లేచి కూర్చోవడానికి, పడుకోవడానికి సరిపోవాలి, సీటు అంచు దాటి రానివ్వకూడదు. సాగే రబ్బరు పట్టీలు "మెత్తగా ఆపుతాయి" అని అమ్ముతారు. అవి సాగినంత మేరా కుక్క ఎగురుతుంది. వద్దు.

క్లిప్ తగిలించే హార్నెస్ ఏదన్నది దానికన్నా పెద్ద ప్రశ్న. వాకింగ్‌కు వాడేది లీష్ లాగుడుకు కుట్టినది, గుద్దుకునే దెబ్బకు కాదు. ప్లాస్టిక్ బకిళ్లు పగులుతాయి, కుట్లు తెగుతాయి. అమెరికాలో 2011లో మొదలైన సెంటర్ ఫర్ పెట్ సేఫ్టీ అనే సంస్థ 2013లో హార్నెస్‌లను పిల్లల సీట్ల పరీక్ష పద్ధతిలో, గంటకు 30 మైళ్లు, అంటే మన లెక్కలో దాదాపు 48 కిలోమీటర్ల వేగంలో బొమ్మ కుక్కలతో పరీక్షించింది. క్రాష్ టెస్ట్ చేశామని చెప్పుకున్నవాటిలో కూడా నిలకడగా నిలబడ్డది ఒక్కటే, స్లీపీపాడ్ వాళ్ల క్లికిట్. ఇది ఎందుకు చెబుతున్నానంటే, డబ్బా మీద క్రాష్ టెస్టెడ్ అని అచ్చు వేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అమ్మేవాళ్లను అడగండి: ఎంత వేగంలో, ఎన్ని కిలోల బొమ్మతో, ఎవరు పరీక్షించారు, వీడియో ఉందా? జవాబు రాకపోతే అది వాకింగ్ హార్నెస్ అనుకునే ధర కట్టండి. మీ స్నేహితురాలు చెప్పింది తప్పు కాదు, మిగతావన్నీ దండగ అనడమే తొందరపాటు.

తెప్పించాలనుకుంటే కొలత దగ్గర పప్పులో కాలేయకండి. మీరు పామెరేనియన్ అని రాశారు. 6 కిలోలంటే, మన దగ్గర అందరూ పామ్ అని పిలిచే ఇండియన్ స్పిట్జ్ అయ్యుంటుంది. అసలు పామెరేనియన్ జాతి ప్రమాణం మూడున్నర కిలోల లోపే. జాతి పేరు చూసి సైజు ఆర్డరిస్తే జున్నుకు అది చొక్కా గుండీ పెట్టనంత బిగుతు వస్తుంది. టేపును బొచ్చు మీద కాదు, బొచ్చు పాయ తీసి చర్మానికి ఆనించి, ముందు కాళ్ల వెనక ఛాతీ చుట్టూ కొలవండి. తొడిగాక పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి, మూడో వేలు దూరకూడదు.

మీ జాబితాలో లేనిది ఒకటుంది. చిన్న క్యారియర్ పెట్టె. గట్టి అడుగున్నది, గాలి ఆడేది. దాన్ని సీటు మీద కాదు, ముందు సీటు వెనక కాళ్లు పెట్టుకునే చోట నేల మీద ఇరికించినట్టు పెట్టాలి. జర్మనీ మోటారు క్లబ్బు ఏడీఏసీ పిల్లులకు, చిన్న కుక్కలకు చెప్పే చోటు ఇదే. బ్రేకు పడితే పెట్టె ఎగరడానికి జాగా ఉండదు, ఎదురుగా ముందు సీటు వీపు ఉంటుంది. అదే పెట్టెను సీటు మీద పెట్టి కారు బెల్టు చుట్టి బిగిస్తే, అలా వాడడానికే పరీక్షించిన పెట్టె కాకపోతే, గుద్దుకున్నప్పుడు బెల్టే దాన్ని నలిపేయొచ్చు. నేల మీది పెట్టెలో జున్నుకు కిటికీ ఉండదు, అదొక్కటే లోటు. అత్తగారికి ఇది జైలులా కనిపిస్తుందని నాకు తెలుసు. కానీ పైన పాత చీర ముక్క కప్పి, లోపల ఆవిడ వాడిన దుప్పటి పరిస్తే చాలా కుక్కలు అందులో గుహలో పడుకున్నట్టు పడుకుంటాయి.

ఇప్పుడు ఆ రెండు వాక్యాలు. "వెనక నేను, పాప కూర్చుంటాం. పాప ఎక్కువగా నా ఒళ్లోనే పడుకుంటుంది."

మీ మనసు నొప్పించాలని కాదు. కానీ ఒడిలో జున్ను ఎంత భద్రమో, ఒడిలో పాప కూడా అంతే భద్రం. మీ పాప ఎంత లేదన్నా పదహారు, పదిహేడు కిలోలుంటుంది. ఇందాకటి లెక్కలో మీ చేతుల మీద పడేది రెండు క్వింటాళ్లు. 2019 సవరణతో వచ్చిన 194బి సెక్షన్ ప్రకారం పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు బెల్టుగానీ పిల్లల సీటుగానీ లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. వెనక కూర్చున్న పెద్దలకూ బెల్టు తప్పనిసరే. జరిమానా మాట అలా ఉంచండి. అయిదేళ్ల పిల్లకు భుజం మీదుగా వచ్చే బెల్టు మెడకు కోసుకుంటుంది కాబట్టి, కింద పిల్లల బూస్టర్ వేసి ఎత్తు పెంచాలి. కుక్కల బూస్టర్‌కూ దీనికీ పేరొక్కటే. పిల్లల బూస్టర్ బెల్టును సరైన చోట పడేలా చేసే భద్రత వస్తువు, అందులోనూ పరీక్షించినదే కొనాలి. మీ దగ్గర ఒక్కదానికే డబ్బుంటే ఆ డబ్బు దీనికి పెట్టండి. ఈ మాట ఒక్కదాంట్లో నేను మీకు ఎంపిక ఇవ్వడం లేదు.

పాపకు సీటు వచ్చిందంటే వెనక లెక్క మారిపోతుంది. మీ కారు వయసును బట్టి వెనక రెండు పక్కలా భుజం బెల్టులు, మధ్యలో నడుం బెల్టు మాత్రమే ఉంటాయనుకుంటున్నాను, ఒకసారి చూడండి. పిల్లల బూస్టర్‌కు భుజం బెల్టు ఉన్న పక్క సీటే కావాలి. మిగిలినవి ఒక మంచి సీటు, ఒక నాసి సీటు. కూర్చోవలసినవాళ్లు ఇద్దరు: మీరు, జున్ను. జున్నును దర్జాగా రెండో పక్క సీట్లో బూస్టర్ మీద కూర్చోబెడితే, మధ్యలో నడుం బెల్టుతో ఎవరు కూర్చుంటారు? మీరే. ఇంట్లో అందరి గురించీ ఆలోచించే మనిషికి కారులో అన్నిటికన్నా నాసి బెల్టు. మీ ఉత్తరం తీరు చూస్తే మీరు అడగకుండానే ఆ సీటు తీసుకునేలా ఉన్నారు. తీసుకోవద్దు.

దీనికి నాకు రెండు దారులు కనిపిస్తున్నాయి. ఒకటి, పాప డ్రైవర్ వెనక బూస్టర్ మీద, ఆ సీటు ముందు కాళ్లు పెట్టుకునే చోట నేల మీద జున్ను క్యారియర్. అయిదేళ్ల పిల్ల కాళ్లు ఎలాగూ నేలకందవు, ఆ జాగా ఖాళీయే. మీరు రెండో పక్కన భుజం బెల్టుతో. అందరికీ కట్టు ఉంటుంది, ఖర్చు కూడా తక్కువ. ఇబ్బందులు లేకపోలేదు. పాప తింటున్న బిస్కెట్లన్నీ పెట్టెలోకి పోతాయి, కాలితో తన్నుతుంది కూడా. పైగా హ్యాచ్‌బ్యాక్‌లో ఆ జాగా ఇరుకు. మీవారు తన సీటును నడిపే చోటుకు సర్దుకున్నాక, ఏదైనా అట్టపెట్టెను కత్తిరించి అక్కడ పెట్టి చూడండి. ఆ అట్టపెట్టెలో జున్ను ముడుచుకోకుండా పడుకోగలిగితే, తిరగగలిగితే ఆ కొలతకే క్యారియర్ కొనండి. లేదంటే ఈ దారి మూసుకున్నట్టే.

రెండోది, జున్ను మధ్య సీట్లో, మీకూ పాపకూ నడుమ, హార్నెస్‌తో. మనిషికి నాసి అయిన ఆ నడుం బెల్టుకు ఇక్కడ ఒక గుణం ఉంది. పక్క బెల్టులు మామూలప్పుడు ఎంత లాగితే అంత వస్తాయి, గట్టిగా కుదిపితేనే బిగుసుకుంటాయి. అందుకే జున్ను వాటిని లాక్కుంటూ సీటంతా తిరగగలదు. నడుం బెల్టు బిగించిన చోటే ఉంటుంది. హార్నెస్ లూప్‌లోంచి దూర్చి దగ్గరగా బిగించొచ్చు. కానీ హార్నెస్ చీటీ మీద నడుం బెల్టుతో వాడొచ్చని ఉందా లేదా చూడండి. మధ్య సీటు ముందు రెండు సీట్ల నడుమ ఖాళీ ఉంటుంది కాబట్టి ఇక్కడ పట్టీ ఒక జానెడు పొడవున్నా జున్ను నేరుగా గేరు రాడ్డు మీదికి వస్తుంది. ఈ దారిలో పరీక్షకు నిలబడ్డ హార్నెస్ ఉంటేనే హైవే మీదికి వెళ్లమంటాను. 300 క్లిప్‌తో అయితే ఊళ్లో తిరగడానికి, కొండాపూర్ డాగ్ పార్కు దాకా వెళ్లిరావడానికి చాలు.

రెండు నెలలకోసారి అంత దూరం వెళ్లేవాళ్లు కాబట్టి ఆ పది వేలు దండగేమీ కాదు. అలాగని ఈ పండక్కే తెప్పించాలని పరుగులు పెట్టకండి. కొలత తేడా వస్తే వెనక్కి పంపడం పెద్ద తలనొప్పి. నా ఇంట్లో అయితే ఈసారికి క్యారియర్, వేసవి లోపు హార్నెస్. మీవారు చెప్పిన బోర్డింగ్ కూడా తప్పేమీ కాదు. టీకాలన్నీ అయ్యుండాలి, ముందు ఒక రాత్రి ఉంచి చూడాలి. కానీ మామగారు లేని ఇంటికి పండక్కి వెళ్తూ జున్నును కూడా వదిలి రమ్మంటే అత్తగారికి అది పండగలా ఉండదు. ఆ లెక్క మీకే బాగా తెలుసు.

ఆరు వారాలు తక్కువేం కాదు. అయితే అలవాటు చేసే పని అత్తగారి చేతిలో పెట్టండి. ఆవిడను ఒప్పించడానికి ఎత్తు అని కాదు, ఆ ఇంట్లో జున్ను మాట వినేది ఆవిడ దగ్గరే. మొదటి వారం క్యారియర్ తలుపు తీసి ఆవిడ మంచం పక్కన నేల మీద ఉంచండి. జున్నుకు పెట్టే ఉడికిన చికెన్ ముక్కో, పెరుగన్నం ముద్దో ఆవిడే లోపల పెట్టాలి. ఎవరూ దాన్ని లోపలికి నెట్టకూడదు. దానంతటది వెళ్లి పడుకోవడం మొదలయ్యాక తలుపు ఒక నిమిషం, అయిదు నిమిషాలు, అరగంట. తర్వాత ఆపి ఉన్న కారులో. తర్వాత కాలనీలో ఒక చుట్టు. ఆపైన బాచుపల్లి దాకా. హార్నెస్ అయినా ఇదే వరస, ముందు ఇంట్లో పది నిమిషాలు తొడిగి ఉంచడంతో మొదలు. "కట్టిపడేశారు" అన్న మాట, తన చేత్తో తనే పెట్టి, అది తోక ఊపుతూ లోపలికి వెళ్లడం చూశాక ఎంతవరకు నిలుస్తుందో చూడండి. నిలిస్తే నిలవనివ్వండి కూడా. జున్ను బుట్టలో ఉండగా ఆవిడ గొణుగుతూ కూర్చున్నా నష్టం లేదు.

ప్రయాణం రోజున తిండి మూడు నాలుగు గంటల ముందే ఆపేయండి, నీళ్లు కొద్దికొద్దిగా ఇవ్వొచ్చు. వాంతులు చేసుకునే అలవాటుంటే డాక్టర్‌ను ముందే అడగండి, కుక్కలకు దానికి వేరే మందుంది. మనుషుల మాత్రలు వేయొద్దు. ఓఆర్‌ఆర్ మీద ఎక్కడపడితే అక్కడ బండి ఆపడానికి లేదు కాబట్టి ఎక్కేముందే ఒకసారి దించి తిప్పండి. పెద్ద అంబర్‌పేట దగ్గర దిగి విజయవాడ హైవే ఎక్కాక, పంతంగి టోల్ దాటి నార్కట్‌పల్లి ఎక్కడో టీకి ఆగుతారు కదా, అక్కడ ఇంకోసారి. ఆగినప్పుడు కారు తలుపు తీసేముందు లీష్ తగిలించాలి, ఆ తర్వాతే పెట్టె తలుపు. పండగ రద్దీలో హైవే మీదికి పరిగెత్తిన కుక్కను పట్టుకోవడం ఎవరి తరం కాదు. చిన్న ప్రమాదం జరిగినా కట్టులేని కుక్కలు ముందు చేసే పని అదే, తెరుచుకున్న తలుపులోంచి రోడ్డు మీదికి దూకడం. వేసవిలో ఇదే దారిలో వెళ్తే ఇంకొకటి గుర్తుంచుకోండి. బయట 35 డిగ్రీలున్నా, మూసి ఉన్న కారు అరగంటలో 50 దాటుతుంది. టీ తాగినంతసేపే కదా అని లోపల వదలొద్దు. నేల మీది క్యారియర్‌కు ఏసీ గాలి తగులుతోందో లేదో మధ్యమధ్యలో చెయ్యి పెట్టి చూడండి.

అటక మీది బూస్టర్‌ను మాత్రం అమ్మేయకండి, సగం ధర కూడా రాదు. పండక్కి డిక్కీలో వేసుకెళ్లండి. ఊళ్లో అత్తగారు మధ్యాహ్నం అరుగు మీద కూర్చుంటారు కదా, ఆవిడ కుర్చీ పక్కన వేస్తే జున్ను వీధంతా చూస్తూ అందులో కూర్చుంటుంది. దానికి కావలసిన ఎత్తు కూడా అంతే.